పాత కంప్యూటరు, మామ్మగారి పాటలు

మా సంఘములో ఎనభై ఏండ్లు దాటిన మామ్మగారు ఒకరు ఉన్నారు. ఆమెకు చదువు రాదు. అయినను వందకు పైగా పాటలు కంఠతా వచ్చు. వాటిలో కొన్ని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ఉన్నవి. కొన్ని ఏ పుస్తకములోను లేవు. ఊడ్పుల కాలములో ఆమె తల్లిగారు చేలో పాడగా విని నేర్చుకొన్నవి. పుస్తకములోని కీర్తనలకు సహితము ఆమె పట్టే రాగము వేరు. మేము సెమినరీలో నేర్చుకొన్న రాగముతో ఆమెకు తోడుగా పాడబోతే, "అట్లా కాదు అయ్యగారూ, ఇక్కడ దింపాలి" అని చేయి ఊపి ఆపివేస్తారు. ఆ దింపుడు ఏమిటో ఇప్పటికీ మాకు పూర్తిగా పట్టుబడలేదు.

ఈ పాటలు ఆమెతోనే పోకూడదని 2023 వేసవిలో మా యవ్వనస్థులు రికార్డింగు మొదలుపెట్టారు. ఒక మైకు, ఒక చిన్న సౌండు పెట్టె కొన్నారు. రికార్డింగు ప్రోగ్రామును మాత్రము పట్నములోని ఒక షాపువారు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు. అది వేల రూపాయల ఖరీదు గల ప్రోగ్రాము. మాకు ఉచితముగా వచ్చినది. 'క్రాక్' అంటారట. అది దొంగ కాపీ అని మాకు తెలియదని చెప్పలేము. తెలిసి ఊరకున్నాము. సంఘమునకు డబ్బు లేదు, పని మంచిది, ఎవరికి నష్టము అని మనస్సుకు సర్ది చెప్పుకొన్నాము. ఇరువది ఏడు పాటలు రికార్డు అయినవి.

2024లో ఒక ఉదయము కంప్యూటరు తెరచి చూస్తే ఫైళ్ళన్నిటి పేర్లు మారిపోయి ఉన్నవి. ఏదియు తెరుచుకొనలేదు. తాళము తీయవలెనంటే ఫలానా సొమ్ము పంపుమని తెర మీద ఒక ఉత్తరము. బాగుచేయువాని యొద్దకు తీసికొని వెళ్ళగా అతడు రెండు నిమిషములు చూచి, "క్రాకుతోనే వచ్చి ఉంటుందండి, ఇట్లాంటివి వారానికి ఒకటి వస్తాయి" అన్నాడు. వేరే చోట కాపీ పెట్టుకొనలేదు. ఇరువది ఏడు పాటలును పోయినవి. ఆ నెలలోనే మామ్మగారు స్నానాల గది దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగినది. ఆసుపత్రిలో మంచము ప్రక్కన నిలువబడినప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇంతని చెప్పలేము.

ఆమె కోలుకొన్న తరువాత, ఆ ఏడు చివరను, మరల మొదలుపెట్టుదమనుకొన్నాము. ఈసారి దొంగ సరుకు వద్దు అని పెద్దల కమిటీలో తీర్మానము చేసుకొన్నాము. కొనుటకు సొమ్ము లేదు. పాలిటెక్నిక్ చదివిన తమ్ముడు ఒకడు, "అయ్యగారూ, లినక్సు వేద్దామా?" అన్నాడు. మేము ఆ పేరు విన్నాము గాని అది ఇంజినీర్లకు సంబంధించినదని అనుకొనేవారము.

దాని చరిత్ర కొంచెము చెప్పవలెను, ఎందుకనగా ఇది ఉచితము ఎట్లయినదో తెలియక మాకు మొదట అనుమానము కలిగినది. ఊరకే వచ్చినదానితో ఒకసారి దెబ్బ తిన్నాము గదా! 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా దేశస్థుడు, ఎవరైనను వాడుకొనుటకు, విప్పి చూచుటకు, మార్చుటకు, పొరుగువానికి కాపీ ఇచ్చుటకు అనుమతి గల ప్రోగ్రాములు వ్రాయుదమని గ్నూ అను పని ప్రకటించాడు. 1991లో ఫిన్లండు దేశములోని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి కంప్యూటరుకు గుండె వంటి భాగమును వ్రాసి, 1992లో దానిని ఆ అనుమతి పత్రము క్రిందనే అందరికి ఇచ్చాడు. ఈ రెండును కలిసి, తరువాత వేలమంది చేతులు పడి, నేటి లినక్సు అయినది. కాబట్టి దీని కాపీ మీ అన్నగారికి ఇచ్చినా దొంగతనము కాదు. ఇచ్చుటకు హక్కు వ్రాసి ఇచ్చారు. ధర లేకపోవుట కంటె ఈ అనుమతి పెద్ద సంగతి అని మాకు తోచినది.

ఇక మా కంప్యూటరు. పాడైనదానిని తుడిచి వాడుటకు మనస్సు ఒప్పక, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా సంఘ బిడ్డ ఒకరు తమ ఇంటిలో అటక మీద పెట్టిన పెట్టెను పంపగా తీసికొన్నాము. దాదాపు పదేండ్ల నాటిది. 4 జీబీ ర్యామ్ ఉంటే మరి 4 జీబీ చేర్పించాము. పాత హార్డు డిస్కు గిర్రున తిరిగి చప్పుడు చేయుచుండెను. దాని బదులు 240 జీబీ ఎస్.ఎస్.డి. వేయించాము. చప్పుడు లేని డిస్కు వేగమునకే కాదు, మైకు ఉన్న గదిలో అదొక వరము. మీ బంధువుల ఇండ్లలోను ఇట్టి పెట్టెలు ఉండవచ్చును. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది; పదకొండుకు ఈ పాత పెట్టెలు చాలా వరకు తగవు. వాటిని తుక్కు క్రింద అమ్మక ముందు ఒకసారి అడిగి చూడండి.

లినక్సులో రకములు అనేకము. పాటల పని కొరకే అన్నియు సర్ది ఇచ్చు ఉబుంటు స్టూడియో అనునది 2007 నుండి వచ్చుచున్నది. కొంచెము బలమైన కంప్యూటరు ఉంటే అదియే సుళువు. మాది బక్క పెట్టె గనుక లినక్స్ మింట్ 22లో ఎక్స్ఎఫ్‌సీఈ అను తేలిక రకమును ఎన్నుకొన్నాము. 8 జీబీ పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానితో కంప్యూటరును లేపితే, డిస్కును ముట్టకుండ ముందు పెన్‌డ్రైవు నుండియే నడిపి చూడవచ్చును. సౌండు పెట్టె గుర్తుపట్టినదా, స్పీకరు పలుకుచున్నదా అని అప్పుడే చూచుకొనవలెను. అంతా బాగుగా ఉన్నప్పుడే ఎక్కించవలెను. ఎక్కించునప్పుడు డిస్కులోని పాత సంగతులన్నియు పోవును; ఇంటివారి పెండ్లి ఫొటోలు ఉన్నవేమో ముందు అడగండి. మేము అడిగాము. ఉన్నవి!

ఎక్కించుట అరగంట పని. అసలు కష్టము ఆ తరువాత వచ్చినది. మా తమ్ముడు మైకులో "వందనములు" అన్నాడు, చెవిలో "వం... టక్... దన... టక్ టక్... ములు" అని వినబడినది. మైకు చెడిపోయినదనుకొని వైరు మార్చాము. వైరు కాదు. రెండు సాయంత్రములు ఆ 'టక్' వెంట తిరిగి చివరకు సంగతి తెలిసికొన్నాము. దీనిని కొంచెము వివరముగా చెప్పెదము, ఎందుకనగా లినక్సులో రికార్డింగు మొదలుపెట్టినవారిలో చాలామంది ఇక్కడనే విసిగి మానివేయుదురు.

కంప్యూటరు శబ్దమును ధారగా త్రాగదు. బోరింగు దగ్గర నీరు పట్టినట్లు బిందెలు బిందెలుగా మోయును. బిందె పెద్దదైతే ఆలస్యముగా నిండును, గాని మోయువానికి తీరిక ఉండును. బిందె చిన్నదైతే నీరు వెంటనే అందును, గాని పరుగెత్తుచునే ఉండవలెను. ఒక్కసారి ఆలస్యమైతే నీరు నేల పాలగును. ఆ నేల పాలైనదే 'టక్'. శబ్దమును సెకనుకు 48,000 నమూనాలుగా కొలుచుట వాడుక. 1024 నమూనాల బిందె పెట్టితే ఒక్కొక్క బిందెకు సుమారు 21 మిల్లీ సెకన్లు. 256 పెట్టితే సుమారు 5. ఇరువది ఒక్క మిల్లీ సెకన్లు అనగా 24 అడుగుల దూరములో నిలిచినవాని మాట మన చెవికి చేరు కాలము. వచ్చుటకు ఒక బిందె, పోవుటకు ఒక బిందె. కలిపితే ఇంకను ఎక్కువ. తన గొంతు తనకే ఆలస్యముగా వినబడితే ఎవరును తాళములో నిలువలేరు. అందుచేత మా తమ్ముడు ఆతురతతో బిందెను 64కు తగ్గించాడు. పాత కంప్యూటరు అంత పరుగు పెట్టలేకపోయినది.

రెండవ కారణము, వరుస. కంప్యూటరు ఒకే సమయములో ఎన్నో పనులు చేయుచుండును. రోడ్డు మీద 108 అంబులెన్సుకు లారీలు దారి ఇచ్చినట్లు, శబ్దపు పనికి మిగిలిన పనులు దారి ఇయ్యవలెను. లినక్సు ఈ ముందు వరుస హక్కును అందరికి ఊరకే ఇయ్యదు. 'ఆడియో' అను గుంపులో మన పేరు చేర్చి, ఆ గుంపునకు ఆ హక్కును, జ్ఞాపక స్థలమును పట్టి ఉంచుకొను హక్కును వ్రాయవలెను. తరువాత ఒకసారి లాగౌట్ అయి మరల లోనికి రావలెను. ఇది మరచి మేము ఒక సాయంత్రమంతా పోగొట్టుకొన్నాము. ఉబుంటు స్టూడియోలో ఈ ఏర్పాటు చేసియే ఇస్తారు. దీనితో పాటు ప్రాసెసరును కరెంటు పొదుపు నుండి 'పెర్ఫార్మెన్స్' అను స్థితికి మార్చాము, రికార్డు చేయునప్పుడు వైఫై ఆపాము, బిందెను 256కు పెంచాము. 'టక్' పోయినది.

ఈ ముందు వరుస సంగతి మీద లోకములోని ప్రోగ్రామరులు ఇరువది ఏండ్ల పాటు పని చేశారు. ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ మొదలైనవారు తయారుచేసిన మార్పులు చివరకు 2024 నవంబరులో వచ్చిన 6.12వ కెర్నెలుతో అసలు లినక్సులో పూర్తిగా కలిసినవి. ఒక గాయకుని గొంతు తడబడకుండుటకు కూడ అది పనికివచ్చునని మాకు ఆశ్చర్యము కలిగినది.

లినక్సులో శబ్దము నడుచు దారి పేర్లు కొత్తవారిని తికమక పెట్టును. అడుగున సౌండు పెట్టెతో నేరుగా మాట్లాడునది ఆల్సా. దాని మీద ఇంటి వాడకమునకు పల్స్ ఆడియో, సంగీత పనివారికి జాక్ అని వేరువేరుగా ఉండేవి. ఈ రెండింటికి పడేది కాదు, ఒకటి లేస్తే ఒకటి కూర్చుండవలెను. విమ్ టేమన్స్ అను ఆయన మొదలుపెట్టిన పైప్‌వైర్ ఈ రెండింటి పనిని ఒక్కటిగా చేయుచున్నది. 2021లో ఫెడోరా 34లోను, తరువాత ఉబుంటులోను, మింట్ 22లోను అదియే అసలు దారి అయినది. పాత పుస్తకములు చూచి జాక్‌ను విడిగా ఎక్కించి అవస్థ పడవలసిన పని నేడు చాలామందికి లేదు. మేమైతే రికార్డు చేయునప్పుడు ఇంకను సూటి దారి పట్టాము. మా రికార్డింగు ప్రోగ్రాము మొదలగునప్పుడు ఏ దారి కావలెనని అడుగును. ఆల్సా అని చెప్పితే సౌండు పెట్టెను తానొక్కటే పట్టుకొనును. అప్పుడు వేరే ప్రోగ్రాములకు ఆ పెట్టె దొరకదు. మాకు అదియే మేలు. మధ్యలో ఎవరో ప్రకటన మ్రోగించరు.

ఆ ప్రోగ్రాము పేరు ఆర్డర్. అమెజాన్ సంస్థ ఆరంభములో పని చేసిన తొలి ప్రోగ్రామరులలో ఒకరైన పాల్ డేవిస్ దీనిని మొదలుపెట్టారు. జాక్ కూడ ఆయనదే. ఆర్డర్ వారి స్థలము నుండి సిద్ధముగా చేసిన దానిని తీసికొంటే కొద్ది సొమ్ము అడుగుదురు. మింట్ వారి సాఫ్ట్‌వేర్ మేనేజరు నుండి ఊరకే వచ్చును. రెండును న్యాయమైనవే. ఒక్క మనిషి గొంతు, ఒక్క మైకు అయితే ఆర్డర్ కూడ అక్కరలేదు. 2000 సంవత్సరము నుండి ఉన్న ఆడాసిటీ చాలును. వాక్య పఠనము, ప్రసంగము దానిలోనే చేయుచున్నాము. గొంతు, హార్మోనియము, డోలక్ వేరువేరుగా పట్టి తరువాత ఎక్కువ తక్కువలు సరిచేయవలెనంటే ఆర్డర్.

సౌండు పెట్టె కొనునప్పుడు ఒక్క మాట గుర్తుంచుకొనండి. ఏ డ్రైవరు లేకుండ యు.ఎస్.బి. సాధారణ పద్ధతిలో పని చేయునది, అనగా 'క్లాస్ కంప్లయంట్' అని అట్టపెట్టె మీద వ్రాసినది కావలెను. అది లినక్సులో గ్రుచ్చగానే పలుకును. సున్నితమైన కండెన్సరు మైకుకు 48 వోల్టుల కరెంటు ఆ పెట్టెయే ఇయ్యవలెను. వేదిక మీద వాడు డైనమిక్ మైకుకు అక్కరలేదు. ఇంకొకటి, పెట్టె మీద 'డైరెక్ట్ మానిటర్' అను మీట ఉంటే, పాడువారి గొంతు కంప్యూటరులోనికి పోయి రాకుండ నేరుగా హెడ్‌ఫోనుకు చేరును. అప్పుడు బిందె 1024 ఉన్నా చింత లేదు. పైన చెప్పిన పరుగులో సగము ఈ ఒక్క మీటతో తప్పేది, మాకు ముందు తెలిసి ఉంటే! హెడ్‌ఫోను మాత్రము వైరుదే వాడండి. బ్లూటూత్‌లో ఆలస్యము ఎక్కువ.

తరువాత 'గూం' అను మోత. లినక్సు తప్పేమోనని మరల వెదకాము. అది మందిరములోని కరెంటుది. మా స్విచ్చుబోర్డుకు మూడవ రంధ్రము ఉన్నది గాని దాని వెనుక ఎర్తు వైరు లేదు! ఎలక్ట్రీషియను వచ్చి గుంత త్రవ్వి ఎర్తు వేసిన తరువాత మోత తగ్గినది. ఇది పాటకే కాదు, ప్రాణమునకు సంబంధించినది. మీ మందిరములో ఎర్తు ఉన్నదో లేదో ఈ వారమే చూపించండి.

గది సంగతి ఏ ప్రోగ్రామును బాగుచేయలేదు. మా మందిరమునకు రేకుల కప్పు. అందులో పాడితే గొంతు డబ్బాలో పడిన గులకరాయి వలె మ్రోగును. మామ్మగారి ఇంటి నడిమి గదిలో మట్టి గోడలు, మంచము మీద బొంతలు, దండెము మీద చీరలు. అంతకంటె మంచి గది మాకు దొరకలేదు. మైకు నోటికి జానెడు దూరములో, కొంచెము ప్రక్కకు. ఫ్యాను ఆపవలెను. పగలు ట్రాక్టర్లు, సాయంత్రము కప్పలు. తెల్లవారుజాము నాలుగు గంటలకు మాత్రమే ఊరు నిశ్శబ్దముగా ఉన్నది, ఆ వేళ ఆమె ఎట్లాగును మేలుకొనియే ఉంటారు. గొంతు ఎంత హెచ్చినా మీటరు మైనస్ 12 దగ్గర ఆగునట్లు పెట్టుకొన్నాము. సున్నా తగిలితే బొంగురుపోవును, ఆ బొంగురును ఎవరును తీయలేరు.

లినక్సులో అన్నియు దొరుకునని చెప్పము. మా కీబోర్డు వాయించు సోదరునికి అలవాటైన ఖరీదైన వాద్య ప్రోగ్రాములు దీనిలో నడువవు. అతడు నెల రోజులు అలిగాడు. ఇప్పుడు తన కీబోర్డు నుండియే నేరుగా వైరు ఇస్తున్నాడు. సినిమా పాట వంటి ఆర్భాటము కావలెనంటే వేరే దారి చూచుకొనవలెను. డబ్బు పెట్టగలవారికి రీపర్ వంటి కొనుగోలు ప్రోగ్రాములు కూడ లినక్సునకు ఉన్నవి.

ఒక్క మైకుతో 24 బిట్లలో రికార్డు చేస్తే నిమిషమునకు సుమారు 8.6 ఎంబీ, గంటకు అర జీబీ పైన. కాబట్టి స్థలము సమస్య కాదు. ప్రతి పాటను ఆ రోజే మూడు చోట్ల పెట్టుచున్నాము: కంప్యూటరులో, పెన్‌డ్రైవులో, హైదరాబాదులోని ఆ బిడ్డ ఇంటిలో. పెద్దవారికి మెమరీ కార్డు స్పీకర్ల కొరకు ఎం.పి.త్రీగా చేసి ఇస్తున్నాము. దాని మీద ఉన్న పేటెంట్లు 2017లో ముగిసినవి గనుక అందులోను ఎవరి హక్కును తీసికొనుట లేదు. ప్రోగ్రాము విషయములో అంత జాగ్రత్త పడినవారము పాట విషయములోను పడవలెను గదా. ఇప్పటివారు వ్రాసిన పాటను వారి అనుమతి లేకుండ రికార్డు చేసి పంచవద్దని మా యవ్వనస్థులకు చెప్పాము. కొందరికి రుచించలేదు.

ఇంతవరకు పంతొమ్మిది పాటలు మరల వచ్చినవి. పోయినవాటిలో నాలుగు ఆమెకు ఇప్పుడు గుర్తుకు రావడము లేదు. మొదటి చరణము అందిస్తారు, అక్కడ ఆగిపోతారు. గొంతు కూడ 2023లో ఉన్నట్లు లేదు. పై స్థాయి అందదు, ఊపిరి మధ్యలో తెగును.

మొన్న ఒక పాట పూర్తి అయిన తరువాత హెడ్‌ఫోను ఆమె చెవులకు పెట్టి వినిపించాము. కండ్లు మూసుకొని చివరి వరకు విన్నారు. బాగున్నదంటారని ఎదురు చూచాము. "రెండో చరణంలో దింపలేదు అయ్యగారూ, మీ రాగమే పాడేశాను. తీసెయ్యండి, మళ్ళీ పాడతా" అన్నారు. తమ్ముడు మరియొక ట్రాకు తెరచి ఎర్ర మీట నొక్కాడు. పాతదానిని తీసివేయలేదు.